అధిక మాసం వదలని లాప్‌టాప్

దుకాణం షట్టరు దించి ఇంట్లో కూర్చున్నానన్న మాటే గానీ, నా చేతులు కూర్చోవడం లేదు. మిక్సీ అడుగు విప్పాను. బాగా నడుస్తున్న గోడ గడియారాన్ని విప్పి, దుమ్ము ఊది, మళ్లీ బిగించాను. పక్కింటి వాషింగ్ మెషిన్ చప్పుడులో తేడా వినబడితే పిలవకుండానే వెళ్లి తలుపు కొట్టాను. "ఏందక్కా, పని లేక మా మీద పడ్డవా?" అని ఆ ఇంటామె నవ్వింది. నిజమే, పని లేకే పడ్డాను.

మహబూబ్‌నగర్ కొత్త బస్టాండు దగ్గర మొదట కంప్యూటర్లు, తర్వాత లాప్‌టాప్‌లు బాగుచేసే దుకాణం నాది. ఆడమనిషి స్క్రూడ్రైవర్ పడితే జనం నిలబడి చూసిన రోజుల నుంచి, "భాగ్యక్క దగ్గరికి పో" అని ఆటోవాళ్లు దారి చెప్పిన రోజుల దాకా అక్కడే ఉన్నాను. చిన్న స్క్రూలు కళ్లకు ఆనక, ఆనినవి వేళ్లలో నిలవక, ఈ మధ్యనే మూసేశాను. మూయడం నాకు ఇష్టం లేదు. ఇష్టం లేదని రాయడానికి సిగ్గు కూడా లేదు.

ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. ఏ కోర్సు చెయ్యాలి, ఏ టూల్ కిట్ కొనాలి అని అడుగుతారు. అవి చెప్పే వీడియోలు కుప్పలుగా ఉన్నాయి, చూసుకోండి. నేను చెప్పగలిగింది వేరే. ఓపిక ఉంటే చదవండి, లేకపోతే మీ పని మీరు చూసుకోండి. నాకూ ఓపిక తక్కువే.

చేతుల మీద కూర్చోవడం

నేను పుట్టింది చిట్యాల దగ్గర, వ్యవసాయం చేసుకునే ఇంట్లో. టైపు నేర్చుకుంటుండగానే పెళ్లయి పాలమూరు, అదే ఈ మహబూబ్‌నగర్, వచ్చాను. ఇక్కడ ఖాదర్ సాబ్ అని, రేడియోలు టీవీలు బాగుచేసే పెద్దమనిషి, కొత్తగా కంప్యూటర్ల పనిలోకి దిగాడు. బిల్లులు టైపు చేయడానికి మనిషి కావాలంటే చేరాను. కొన్నాళ్లకే బిల్లులు పక్కన పడేసి మిషన్ల మూతలు విప్పడం మొదలుపెట్టాను. సాబ్ వద్దనలేదు. కానీ నాకు నిలకడ లేదు. వచ్చినవాళ్లు నోరు తెరిచేలోపే నా చేయి స్క్రూడ్రైవర్ మీద ఉండేది. ఒకరోజు ఆయనకు ఒళ్లు మండింది.

"బేటీ, రెండు చేతులు స్టూలు మీద పెట్టు. వాటి మీద కూసో," అన్నాడు.

"ఏంది సాబ్, చిన్నపిల్లనా నేను?"

"మనిషి చెప్పుడు అయిపోయేదాంక లేవొద్దు. మిషన్ యాడికి ఉరకదు. మనిషి మాటను సగంల తెంపినవనుకో, మిగిలిన సగం మళ్ల జన్మల చెప్పడు."

నిజంగానే కూర్చోబెట్టాడు. అరచేతులు స్టూలు మీద, వాటి మీద నేను. వచ్చినవాళ్లు ముసిముసిగా నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్టు ఉండేది. అయినా అలా కూర్చుంటేనే నా చెవులు పని చేశాయి. ఆయన ఇంకో సంగతి కూడా నేర్పాడు. "ఏం చేసినవు?" అని ఎవరినీ అడగొద్దట. అలా అడిగితే ఎంత పెద్దమనిషైనా దొంగతనం అంటగట్టినట్టు బిగుసుకుపోతాడు. "ఇది మంచిగున్నప్పుడు దీంతోటి ఏం పని చేసుకునేటోళ్లు?" అని అడగాలి. అప్పుడు ముచ్చట దానంతట అదే బయటికొస్తుంది.

నమ్మకపోతే దసరా మర్నాడు మీ దుకాణంలో కూర్చొని చూడండి. ఏటా ఆ రోజు మా ముందు జనం బారులు తీరేవాళ్లు. "ఏం చెయ్యలే అక్కా, ఊకెనే బంద్ అయ్యింది," అన్నది అందరి మాట. మూత విప్పితే ఫ్యాను రెక్కలకు కుంకుమ, కీబోర్డు కింద కొబ్బరినీళ్ల జిగురు. ఆయుధ పూజలో తప్పేముంది? నేనూ నా పనిముట్లకు పసుపు పెడతాను. చేశామని ఒప్పుకోవడానికే ఎందుకో అందరికీ నామోషీ. ఒక లెక్చరర్‌కు ఆ ఎర్ర పొడి కాగితం మీద దులిపి చూపిస్తే, "వైరస్ ఏమో అమ్మా," అన్నాడు. నాకు కోపం, నవ్వు ఒక్కసారే వచ్చాయి.

ఓఎస్ కొట్టుడు రోగం

ఇప్పుడు మీకు కోపం తెప్పించే మాట ఒకటి చెబుతాను. మన వృత్తికి ఒక రోగం పట్టింది. లాప్‌టాప్ మెల్లగా నడిచినా, నెట్ రాకపోయినా, తెర నీలంగా మారినా, అన్నిటికీ ఒకటే మందు. "ఓఎస్ కొట్టాలె." అంటే ఉన్న సిస్టం మొత్తం తుడిచేసి కొత్తది ఎక్కించడం. తలనొప్పి అని వస్తే తల తీసేసి పంపడం. కొట్టక తప్పని రోజులు ఉంటాయి, నేనూ కొట్టాను. కానీ అది ఆఖరి మందు. మొదటే దాన్ని అందుకునేవాడికి పని రాదని అర్థం, లేదా వచ్చినా బద్ధకమని అర్థం.

నల్లగొండ నుంచి ఒక పెళ్లిళ్ల వీడియోగ్రాఫర్ ఏడుపు మొహంతో వచ్చాడు. ఎవరో ఓఎస్ కొట్టేశారు, లోపల ఒక పెళ్లంతా ఉంది. నాకు చేతనైనంత వెనక్కి తీశాను. జీలకర్ర బెల్లం వచ్చింది, అప్పగింతలు వచ్చాయి, తలంబ్రాలు మాత్రం రాలేదు. ఆ జంటను బతిమాలి మళ్లీ పీటల మీద కూర్చోబెట్టి తలంబ్రాలు పోయించాడట. అప్పటికి ఆ అమ్మాయి కడుపుతో ఉంది. మెడ దాకానే తియ్యమని ఆమె అత్తగారు కెమెరా పక్కనే నిలబడిందట.

ఆ కథ విని నవ్వేవాళ్లు నవ్వండి. నేను మాత్రం ఆ తర్వాత, తుడిచే ముందు దీంట్లో ఎవరి బతుకు ఉందో అడగకుండా ఏ మిషన్ మీదా చెయ్యి వేయలేదు.

శ్రావణ గురువారం

ఇంక అసలు ముచ్చటకు వస్తాను. ఇది తెలంగాణ వచ్చి చాలా ఏళ్లయ్యాక, నేను దుకాణం మూయడానికి కొంచెం ముందు జరిగింది.

శ్రావణ మాసం, గురువారం మధ్యాహ్నం. జడ్చర్ల అవతలి పల్లె నుంచి తండ్రీ కూతుళ్లు వచ్చారు. తండ్రి నరహరి శర్మ, పౌరోహిత్యం చేసుకునే మనిషి. భుజాన సంచి, చంకలో గొడుగు. కూతురు వైదేహి, బీకాం అయిపోయిన పిల్ల. లాప్‌టాప్ బ్యాగును పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని వచ్చింది.

"అక్కా, జర చూడవా. ఆన్ చేస్తే అప్‌డేట్ అంటది, కాలేదు అంటది, చేసింది ఎనక్కి తీస్తున్న అంటది, బంద్ అయ్యి మళ్ల మొదటికొస్తది. పొద్దున్నుంచి గిదే లొల్లి," అంది.

"ఎవరికన్న చూపిచ్చినవా?"

"జడ్చర్లల చూపిచ్చినం. టైము తప్పు చూపెడ్తుందని లోపల సెల్లు మార్చిన్రు. మార్చినా గంతే. ఓఎస్ కొట్టాలె, ఇంకో దారి లేదన్నరు. నేనే వద్దని గుంజుకొచ్చిన."

"ఎందుకు వద్దన్నవు?"

"రేపు నాకు పరీక్ష ఉందక్కా. కంపెనీది, లెక్కల పని. ఇంటికాడ కూసోనే చేయొచ్చు. ముందటియన్ని దాటిన, ఇదే ఆఖరుది. పరీక్ష కూడ ఇంట్లనే, కెమెరా ముంగట రాయాలె. వాళ్ల ప్రోగ్రాం దీంట్ల ఎక్కించి, పోయిన వారం చెక్ చేసి ఒప్పుకున్నరు. చెక్ చేసే గడువు నిన్ననే అయిపోయింది. ఇప్పుడు ఓఎస్ కొడితే అది పోతది. ఇంకో లాప్‌టాప్‌ల రాయనియ్యరు."

అంటే తుడవకూడదు, రేపు పొద్దుటికి లేవాలి, పరీక్ష మధ్యలో పడకూడదు. నా అరచేతులు అప్పటికే దురద పెడుతున్నాయి. వాటి మీద కూర్చున్నాను.

"ఇది మంచిగున్నప్పుడు దీని మీద ఎవరెవరు ఏం పని చేసుకునేటోళ్లు?"

"నా సదువు, ఈ అర్జీలు గవే," అంది వైదేహి.

"పొద్దుగాల నేను అమ్మా," అన్నాడు శర్మగారు. "జాతకాల ప్రోగ్రాం ఉన్నది అండ్ల. అది కూడ పోకుంట జర చూడు."

ఆయన ఆ మాట అనగానే ఆ పిల్ల తల దించుకుంది. అది నా కంట్లో పడింది, కానీ అప్పటికి దాన్ని పక్కన పెట్టాను.

గడియారం వెనక ఎవరు

వెనక మూత విప్పాను. కొత్త సెల్లు తళతళా మెరుస్తోంది. లాప్‌టాప్‌లో ఈ బిళ్ల సెల్లు చచ్చిపోతే గడియారం తప్పుతుంది, నిజమే. కొత్తది వేశాక కూడా తప్పుతోందంటే దొంగ ఇంకెక్కడో ఉన్నాడు.

లేస్తుండగా మధ్యలో ఆపి, మళ్లీ ఆపి, ఎలాగో సేఫ్ మోడ్‌లోకి తెచ్చాను. సేఫ్ మోడ్‌లో సిస్టం తనకు తప్పనిసరైన వాటితోనే లేస్తుంది, మనం పెట్టుకున్నవి చాలావరకు నిద్రలోనే ఉంటాయి. తెర వచ్చింది. తారీఖు చూస్తే పోయిన ఏడాదిది. సరిచేసి, మళ్లీ సేఫ్ మోడ్‌లోనే లేపాను. తారీఖు సరిగ్గా ఉంది. మామూలుగా లేపాను. పోయిన ఏడాదికి జారిపోయి, మళ్లీ అదే తిరుగుడు మొదలుపెట్టింది.

పిల్లలూ, ఇక్కడ ఆగి ఆలోచించండి. సేఫ్ మోడ్‌లో కుదురుగా ఉండి, మామూలుగా లేస్తేనే గడియారం వెనక్కి పోతోందంటే, లేచేటప్పుడు తనతో పాటు లేచేది ఏదో దాన్ని తోస్తోంది. అప్‌డేట్ ఏమో ఇప్పటిది, గడియారం ఏమో నిరుటిది. రేపు వండాల్సిన కూర నిన్ననే వడ్డించమంటే ఏ ఇల్లాలికైనా పిచ్చెక్కుతుంది, సిస్టంకూ అదే అయింది.

లేవగానే నడిచే పనుల జాబితా తీశాను. అన్నిటి కింద చిన్న ఫైలు ఒకటి. దాని పేరు "బాపు".

తెరిచి చూస్తే లోపల రెండు ముక్కలు. సిస్టం ఎప్పుడు లేచినా తారీఖును పోయిన ఏడాదిలోని ఒకే రోజుకు మార్చమని ఆజ్ఞ.

"ఏ గాడిద" అని నోటి దాకా వచ్చింది. తలెత్తితే వైదేహి నా కళ్లలోకే చూస్తోంది. కొంచెమే, ఎవరికీ కనబడనంత కొంచెంగా, తల అడ్డంగా ఊపింది. వెనక బెంచీ మీద శర్మగారు మమ్మల్నే చూస్తూ కూర్చున్నాడు, పెదాలు మాత్రం ఏదో జపం చేస్తున్నాయి. ఆ గాడిదను మింగి నీళ్లు తాగాను.

"అయ్యగారూ, ఇంకా టైం పడ్తది. బయట చాయ్ తాగొస్తరా?"

"నేను బయట ముట్టనమ్మా."

"పోనీ, జర గాలికి తిరిగొస్తరా?"

"ఫ్యాన్ గాలి మంచిగనే వస్తుంది."

నాకు బీపీ పెరుగుతోంది. "అయితే బస్టాండుకు పోయి, మీ ఊరి దిక్కు ఆఖరు బస్సు ఎప్పుడున్నదో అడిగి రాండ్రి," అన్నాను. ఆయన నన్ను చూశాడు, కూతుర్ని చూశాడు, గొడుగు తీసుకొని లేచాడు.

వైదేహి చెప్పింది

ఆయన రోడ్డు దాటగానే ఆ పిల్లకు ఏడుపు తన్నుకొచ్చింది.

"గా ఫైలు నేనే పెట్టిచ్చిన అక్కా. బాపు జాతకాలు చేతి లెక్కతోటి రాస్తడు. 'కంప్యూటర్ల తీసింది లేదా అయ్యగారూ' అని జనాలు అడుగుడు షురూ చేసిన్రు. టౌన్ల రంగు కాయితం మీద తీసిస్తున్నరు గదా. మెల్లమెల్లగ వచ్చేటోళ్లు తగ్గిన్రు. బాపు ఎవ్వరిని ఏమనలే గని, పంచాంగం ముంగటేసుకొని ఊకె వాకిట్లకు చూస్తుండేటోడు. నాకు పాణం ఒప్పలే."

"అయితే?"

"గా ప్రోగ్రాం నెల రోజులు ఫ్రీ అంటే ఎక్కించిన. నా స్కాలర్‌షిప్ పైసలతోటి కొన్ననని బాపుకు చెప్పిన. ఎంత మురిసిండో నీకు చెప్పలేను అక్కా. నెల అయినంక అది మూతబడ్డది. కొనాలంటే నాతోటి కాదు. కాలేజీల సీనియర్ ఒకాయన ఇది రాసిచ్చిండు. తారీఖును ముందటికి పోనియ్యకుంటే నడుస్తనే ఉంటదన్నడు."

"మరి నీ పరీక్ష వెబ్‌సైటు ఎట్ల తెరిసినవు? తారీఖు తప్పుంటే తెరుసుకోదు గదా."

"నాకు పని ఉన్నప్పుడు చేత్తోటి ముందటికి మార్చుకుంట. బాపు మళ్ల ఆన్ చేస్తే అదే ఎనక్కి పోతది."

ఏడాది పాటు ఆ సిస్టం తండ్రి కోసం వెనక్కి, కూతురి కోసం ముందుకు పరుగెత్తింది. ఇన్నాళ్లు నిలబడటమే గొప్ప. తిట్టాలనిపించింది. ఆ పిల్ల మొహం చూసి తిట్టలేకపోయాను.

"ఇగో చూడు బిడ్డా. ఇది తీసేసి తారీఖు సరిజేస్తే నీ పరీక్ష నడుస్తది. కాకపోతే మీ బాపు ప్రోగ్రాం మూతపడ్తది. ఉంచితే ప్రోగ్రాం ఉంటది, రేపు పరీక్ష నడుమల ఇది ఆగిపోతది. రెండు నడవయి."

"పరీక్ష అయినంక మళ్ల పెడ్తవా అక్కా?"

"పెట్టను. నాకు తెలిసినంక నా చేత్తోటి పెట్టను."

"బాపుకు ఏం చెప్పాలె మరి? అబద్ధం చెప్పిననని తెలిస్తే ఆయన మొహం నేనెట్ల చూడాలె?"

నిజం చెప్పెయ్ అనడం పక్కన కూర్చున్నవాళ్లకు సులువు. మిషన్ ఖరాబై ప్రోగ్రాం పోయిందని నేనే ఒక అబద్ధం ఆడేద్దామా అని కూడా అనుకున్నాను. గోడ గడియారం టక్ టక్ అంటోంది. ఆ పిల్ల చున్నీతో మొహం తుడుచుకొని, తెర మీద "బాపు" అన్న పేరునే చూసింది.

"తీసెయ్యి అక్కా," అంది చివరికి.

తీసేశాను.

ఇయ్యాల తారీఖెంత?

శర్మగారు గొడుగు మూస్తూ లోపలికొచ్చాడు. "బస్సు ఉన్నదమ్మా, తొందర లేదు," అని మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు.

నేను తారీఖు మార్చే పెట్టె తెరిచాను. ఏళ్ల తరబడి నాకున్న అలవాటు, ఎదురుగా క్యాలెండర్ ఉన్నా ఎవరినో ఒకరిని అడుగుతాను.

"ఇయ్యాల తారీఖెంత?"

"క్రోధి నామ సంవత్సరం, దక్షిణాయనం, వర్ష రుతువు, శ్రావణ మాసం, శుక్ల పక్షం, చవితి, గురువారం," అన్నాడు శర్మగారు, ఊపిరి తిప్పుకోకుండా. తర్వాత చిన్నగా దగ్గాడు. "ఇంగ్లీషు తారీఖులు నాకు జల్ది యాదికి రావమ్మా. ఇవి మాత్రం పొద్దుగాల సంకల్పంల చెప్పుకోనిదే నీళ్లు కూడ ముట్ట."

నా వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"గా డబ్బా మాత్రం ఇంక నిరుటి శోభకృత్‌లనే కూసున్నది," అన్నాడాయన. "ఎప్పుడు తెరిసినా అధిక శ్రావణం అంటది. ఏడాది సంది మా ఇంట్ల అధిక మాసం ఎల్లుతనే లేదు."

అధిక మాసంలో పెళ్లి లేదు, గృహప్రవేశం లేదు. ముహూర్తాలు పెట్టి బతికే మనిషి రోజూ పొద్దున తెరిచేసరికి ఎదురుగా అదే మాసం.

"బాపూ, నీకు తెలుసా?" అంది వైదేహి.

"తిథి చెప్పి బతికేటోనికి తిథి తప్పితే తెల్వదా బిడ్డా? మొదటి పొద్దే తెలిసింది."

"మరి ఎందుకు అడగలే నన్ను?"

"కొన్ననని అంత మురిపెంగ చెప్పినవు. అడిగి నీ మొహం చిన్నబుచ్చుమంటవా?"

నేను ఉండబట్టలేకపోయాను. "మరి వచ్చీరాంగనే జాతకాల ప్రోగ్రాం పోకుంట చూడమని నన్నెందుకు అడిగిన్రు అయ్యగారూ!"

ఆయన నిజంగానే సిగ్గుపడ్డాడు. గొడుగు పిడి తిప్పుకుంటూ, "అడగకుంటే దాంతోటి నాకు పని లేదని బిడ్డకు ఎరుకైతదేమో అని అమ్మా," అన్నాడు. "లెక్క నేనెప్పుడూ చేత్తోటే చేసుకుంట. నా లెక్క, దాని లెక్క కలిస్తే రంగు కాయితం తీసిచ్చేటోన్ని. జనానికి రంగు కావాలె, బిడ్డకు నేను ఖుషీగుండుడు కావాలె. నాకేం పోయింది?"

వైదేహి లేచి వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. భుజానికి తల ఆనించి ఏడ్చింది. నేను తెర వైపు తిరిగి, లేని దుమ్మును తుడిచాను. నాకూ ఏడుపొచ్చింది, దాచుకునేదేముంది.

తర్వాతి పని పెద్దది కాదు. తారీఖు సరిచేసి, సగంలో ఆగిన అప్‌డేట్లను తీసేసి మళ్లీ మొదటి నుంచి ఎక్కించాను. లేపి చూశాను, ఆపి చూశాను, మళ్లీ లేపి చూశాను. గడియారం నిలబడింది. వైదేహి తన పరీక్ష ప్రోగ్రాం తెరిచింది. పోయిన వారం ఒప్పుకున్న గుర్తు పచ్చగా అలాగే ఉంది. హమ్మయ్య అనుకున్నాను.

శర్మగారు అద్దాలు పెట్టుకొని ముందుకు వంగాడు. జాతకాల ప్రోగ్రాంను తనే తెరిచాడు. గడువు అయిపోయింది అన్న ముక్క వచ్చింది. చదివి, తన వేలితోనే దాన్ని మూసేశాడు.

"అధిక మాసం ఎల్లింది. ఇగ మంచి రోజులు పెట్టుకోవచ్చు," అన్నాడు.

శుక్రవారం పొద్దున

వైదేహికి ఆ ఉద్యోగం వచ్చింది. ముందే చెప్పేస్తున్నాను, ఆఖరు దాకా దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు. జీతం మొదలయ్యాక తండ్రికి ఆ ప్రోగ్రాం కొనిస్తానంటే, ఆయన వద్దన్నాడట. రంగుల ప్రింటరు ఉంటే చాలు, లెక్క నేనే రాసిస్తాను, నువ్వు టైపు చెయ్యి అన్నాడట.

ఈ పనిలో మీకు చాలా పేర్లు నేర్పుతారు. ఈ ఎర్రర్‌కు ఈ పేరు, ఆ ఫైలుకు ఆ పేరు. నేర్చుకోండి, కూడు పెడతాయి. కానీ మన బల్ల మీదికి వచ్చే లాప్‌టాప్ ఒక ఇంట్లోంచి వస్తుంది. ఆ ఇంట్లో ఒకరికోసం ఒకరు దాచుకున్నది ఏదో దాంట్లో ఉంటుంది. ఓఎస్ కొట్టేస్తే అరగంటలో చేతులు దులుపుకోవచ్చు, ఆ ఇల్లు మాత్రం అలాగే ఉంటుంది. జడ్చర్ల వాళ్లు సెల్లు మార్చడంలో తప్పు లేదు, నేనైనా మొదట అదే చేసేదాన్ని. అక్కడితో ఆగడమే తప్పు.

ఆ తండ్రీ కూతుళ్లు వచ్చి వెళ్లిన మర్నాడు పొద్దున నాకు కాలు నిలవలేదు. ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. దుకాణం తెరిచి, ఏ మిషన్ ముందూ కూర్చోలేక, ఇటు నుంచి అటు తిరిగాను. లేచిందో లేదో, మళ్లీ తిరుగుడు పట్టిందేమో, కరెంటు ఉందో లేదో. పదిన్నరకు పరీక్ష అని ఆ పిల్ల చెప్పిన మాట గుర్తుంది. ఆ వేళకు ఇంక పట్టలేక శర్మగారికి ఫోన్ చేశాను.

"అయ్యగారూ, సిస్టం లేచిందా?"

"లేచిందమ్మా, మెల్లగ మాట్లాడు," అన్నాడాయన గుసగుసగా. "బిడ్డ లోపల రాస్తున్నది. నేను వాకిట్ల కూసున్న, ఎవ్వరిని లోపలికి రానిస్తలేను."

నా కళ్లు ఎదురుగా ఉన్న క్యాలెండర్ మీద పడ్డాయి. శుక్రవారం, పదిన్నర. నా నోరు ఊరుకోదు కదా.

"అయ్యగారూ, ఇది రాహుకాలం గదా?"

అటు నుంచి ఎక్కడో కోడి కూత వినబడింది.

"అవునమ్మా," అన్నాడు. "బిడ్డకు చెప్పలే."

ఫోన్ పెట్టేసి, స్టూలు లాక్కొని, రెండు అరచేతులూ దాని మీద పెట్టి వాటి మీద కూర్చున్నాను. ఆ పిల్ల పరీక్ష అయ్యేదాకా లేవలేదు.